కెమెమ్‌లీక్‌కి చిక్కని డ్రైవర్ లీక్‌ని సరిచేయడం

ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల దగ్గర, నీళ్ళలో ఆక్సిజన్ చూసే లినక్స్ బోర్డులు పెడుతుంటాను. ర్యామ్ 256 ఎంబీయే. ఇలాంటి బోర్డు నాలుగైదు రోజులు బాగా నడిచి ఆగిపోతుంటే కరెంటుని తిట్టుకోకుండా ముందు మెమరీ లీక్ (తీసుకున్న మెమరీ తిరిగివ్వక పేరుకుపోవడం) ఉందేమో చూడండి. గుంటలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. సరిగ్గా అప్పుడు రీడింగ్ ఆగిందంటే రైతు పంటంతా పోవచ్చు.

లినక్స్ మూల భాగమైన కెర్నల్ రాసే సందేశాల్ని చూపే డీమెసేజ్‌లో 'అవుట్ ఆఫ్ మెమరీ' అని ఉందా? అయితే ప్రాక్ ఫోల్డర్ కింద మెమ్‌ఇన్ఫో ఫైల్‌లో ఎస్-అన్‌రీక్లెయిమ్ (కెర్నల్ తీసుకుని, అవసరమైనా వెనక్కి రాని మెమరీ) లెక్క గంటకోసారి రాసుకోండి. అది తగ్గకుండా పెరుగుతుంటే తినేది కెర్నలే, మీ ప్రోగ్రామ్ కాదు. కెర్నల్ మెమరీని ముక్కల సైజు వారీగా చూపే స్లాబ్‌టాప్ తెరిస్తే, పెరిగేది ఏ సైజు ముక్కలో తెలుస్తుంది. నేను చూసిన బోర్డులో కెమాలక్-512 (512 బైట్ల ముక్కలు) వరస పెరుగుతూ పోయింది.

ఇక్కడ కెర్నల్‌లో లీక్‌లు వెతికే కెమెమ్‌లీక్ పెట్టి, అది ఏమీ చూపకపోతే డ్రైవర్ (సెన్సర్‌ని నడిపే కెర్నల్ కోడ్) మంచిదేనని వదిలేస్తారు. వదలొద్దు. డ్రైవర్లు మెమరీ అడిగే డెవ్‌ఎం_కెజెడ్‌అలాక్ ఫంక్షన్‌తో తీసుకున్న ప్రతి ముక్కనీ కెర్నల్ ఆ డివైస్ జాబితాలో రాసుకుంటుంది, డ్రైవర్ డివైస్‌ని వదిలాకే విడుదల చేస్తుంది. జాబితాలో ఆ ముక్క చిరునామా (పాయింటర్) ఉంది కాబట్టి కెమెమ్‌లీక్ దాన్ని లీక్ అనుకోదు. డివైస్ మొదట దొరికినప్పుడు నడిచే ప్రోబ్ ఫంక్షన్‌లో ఒకసారి పిలిస్తే ఇది చక్కని పద్ధతి. బోర్డుతో వచ్చిన డ్రైవర్‌లో మాత్రం దాన్ని ప్రతి రీడింగ్‌కీ నడిచే రీడ్ ఫంక్షన్‌లో పెట్టారు. అడిగింది 256 బైట్లు, జాబితా కోసం కెర్నల్ పెట్టే హెడర్ కలిసేసరికి 256 దాటి 512 ముక్క పోతుంది. సెకనుకో రీడింగ్ అంటే రోజుకి 86,400 ముక్కలు, దాదాపు 44 ఎంబీ.

అనుమానం తీరాలంటే ఆర్ఎంమాడ్ కమాండ్‌తో డ్రైవర్ మాడ్యూల్‌ని తీసేయండి. పోయిన మెమరీ ఒక్కసారిగా తిరిగొస్తే దొంగ దొరికినట్టే.

రీడ్ చివర మెమరీ విడుదల చేసే కెఫ్రీ ఒకటి పెడితే సరిపోతుందనుకోకండి. జాబితాలో పాయింటర్ అలాగే ఉంటుంది, మాడ్యూల్ తీసేటప్పుడు అదే మెమరీ రెండోసారి విడుదలై కెర్నల్ కూలవచ్చు. రీడింగ్ పట్టే ఆ ముక్కని, అంటే బఫర్‌ని, ప్రోబ్‌లోనే ఒకసారి తీసుకుని డ్రైవర్ ప్రైవేట్ స్ట్రక్చర్‌లో పెట్టుకోండి. ఇప్పుడు బఫర్ ఒక్కటే కాబట్టి రీడ్ చుట్టూ మ్యూటెక్స్ (ఒకసారికి ఒకరినే లోపలికి వదిలే తాళం) తప్పనిసరి, లేకపోతే రెండు ప్రోగ్రామ్‌లు ఒకేసారి చదివితే ఒకదాని రీడింగ్ ఇంకొకదానికి పోతుంది. ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో (హార్డ్‌వేర్ సంకేతం రాగానే నడిచే కోడ్) ఎక్కడైనా, మెమరీ దొరికేదాకా ఆగనిచ్చే జీఎఫ్‌పీ_కెర్నల్ కనిపిస్తే అదీ మార్చండి, అక్కడ నిద్రపోయే కాల్ పనికిరాదు.

పరీక్షకి రోజులు ఆగక్కర్లేదు. ఆగకుండా రీడ్ చేసే లూప్ ఒకటి టేబుల్ మీదే నడపండి. పాత డ్రైవర్‌తో స్లాబ్‌టాప్ లెక్క కళ్ళముందే ఎగబాకుతుంది, కొత్తదానితో కదలకూడదు. ఆ రెండూ చూశాకే బోర్డుని గుంటకి పంపండి.