స్మాల్ క్లెయిమ్స్‌లో రాజీపడ్డాక మళ్లీ కేసు వేయొచ్చా?

కాలిఫోర్నియాలో కిచెన్ రీమోడల్‌కని ఓ కాంట్రాక్టర్‌కి డబ్బిచ్చారు, అతను పని సగంలో వదిలేశాడు, మీరు 6,000 డాలర్లకి స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకి వెళ్లారు అనుకుందాం (చిన్న మొత్తాల తగాదాలు తేల్చే కోర్టు ఇది, అక్కడ వ్యక్తులు 12,500 దాకా అడగొచ్చు, మన తరఫున వాదించడానికి లాయర్ ఉండడు). విచారణకి రెండు రోజుల ముందు అతనే ఫోన్ చేసి, నాలుగు వేలిస్తాను వదిలేయండి అంటాడు. టెన్షన్ పోతుంది కదా అని సరే అంటారు. ఆర్నెల్లకి గోడ లోపల పైపు కారుతోందని బయటపడితే?

రాజీ కాగితంలో ఏం రాసుకున్నారన్నదే ముఖ్యం. 'ఈ కేసులోని క్లెయిమ్ మాత్రమే' అని రాసుంటే పైపు సంగతి మళ్లీ అడిగే వీలుంటుంది. 'ఈ పనికి సంబంధించి తెలిసిన, తెలియని క్లెయిములన్నీ' అని ఉంటే మాత్రం కష్టం. అప్పటికి మీకు తెలియని క్లెయిములు రిలీజ్‌లో (ఇక అడగనని రాసిచ్చే మాటలో) కలిసిపోకుండా సివిల్ కోడ్ 1542 సెక్షన్ కొంత కాపాడుతుంది, కానీ మీరు ఆ రక్షణ కూడా వదులుకుంటున్నట్టు అవతలివాళ్లు ఒక పేరా చేర్చేస్తుంటారు, మనం చదవకుండా సంతకం పెట్టేస్తాం. 1542 అనే అంకె కనిపిస్తే ఆగి చదవండి.

కేసు వెనక్కి తీసుకునే ఫారం సీఐవీ-110. అందులో 'విత్ ప్రెజుడిస్' గడిలో టిక్ పెడితే అదే క్లెయిమ్ మీద మళ్లీ కోర్టుకెళ్లలేరు. మళ్లీ వేసే వీలుంచే 'వితౌట్ ప్రెజుడిస్' గడిలో పెట్టినా రిలీజ్ గట్టిగా ఉంటే లాభం లేదు. రెండూ చూసుకోవాలి.

చాలామంది మర్చిపోయేది ఇంకోటుంది. మీరు అతన్ని వదిలేసినా అతను మిమ్మల్ని వదిలేశాడని కాదు. స్మాల్ క్లెయిమ్స్‌లో ప్రతివాది తన క్లెయిమ్ అక్కడే వేసి తీరాలన్న రూలు లేదు, కాబట్టి కాంట్రాక్టులో మీరివ్వాల్సిన బ్యాలెన్స్ కోసం అతను రేపు సుపీరియర్ కోర్టులో మామూలు సివిల్ దావా వేయొచ్చు. అందుకే రిలీజ్ ఇద్దరి తరఫునా రాయించండి, అతని సంతకం కూడా తీసుకోండి.

చెక్ క్లియర్ అయ్యేదాకా సీఐవీ-110 ఫైల్ చేయకండి. ముందే చేసేసి అతను డబ్బు ఎగ్గొడితే, ఆ రాజీ ఒప్పందం మీద మళ్లీ కొత్త కేసు వేసుకోవాల్సి రావచ్చు. అతను వాయిదాల్లో ఇస్తానంటే ఒప్పందాన్ని జడ్జి దగ్గర తీర్పుగా నమోదు చేయమని అడగండి. ప్రతి కౌంటీలోనూ స్మాల్ క్లెయిమ్స్ సలహాదారు ఉంటారు, ఫీజు లేదు, సంతకానికి ముందే కాగితం పట్టుకుని మాట్లాడండి.