మొదటి బైకు కొనే ముందు

☐ లెర్నర్ లైసెన్సు చేతికి వచ్చిందా? గేర్ల బండికి 18 ఏళ్లు నిండాలి. అది లేకుండా షోరూము గడప తొక్కవద్దు.

☐ ఎత్తు. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం ఇదే. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి. హనుమకొండ చౌరస్తాలో ఆగుతూ కదులుతూ వెళ్లేటప్పుడు, మునివేళ్ల మీద నిలిపిన బండి ఒరిగితే కొత్తవారు ఆపలేరు. అందం చూసి కొన్న నా మొదటి బండి కాజీపేట స్టేషను బయట ఆగి ఉండగానే పక్కకు పడింది, మోకాలు చీరుకుపోయింది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

☐ ఇంజను ఆపి, దిగి, బండిని పది అడుగులు వెనక్కి తోయండి. బరువు అక్కడే తెలుస్తుంది.

☐ మొదటి ఏడాదికి 100 నుంచి 125 సీసీ చాలు. ములుగు రోడ్డులో లారీల వెనక తరచూ వెళ్లేవారు ఏబీఎస్ ఉన్నదే తీసుకోండి. గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోదు.

☐ పాత బండి అయితే ఆర్‌సీలోని చాసిస్, ఇంజను నంబర్లు బండి మీదివాటితో సరిపోల్చండి. అప్పు తీరిందా, చలాన్లు మిగిలాయా అన్నదీ చూడండి. బయానా ఆ తర్వాతే.

☐ ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్లు రెండు: మీకొకటి, వెనక కూర్చునే అమ్మకో తమ్ముడికో ఒకటి. ఆ డబ్బు ముందే పక్కన పెట్టండి.