మబ్బు పట్టినా ఆగని సోలార్ బోరు: ఇన్వర్టర్ కంట్రోల్ అమర్చుకునే విధానం

బంగారుపాళ్యం, పలమనేరు వైపు మామిడి తోటల్లో లోతు బోర్లను సోలార్ ప్యానెళ్లతో నడపదలచినవారు ఇన్వర్టరులో (ప్యానెళ్ల డీసీని మోటారుకు కావలసిన ఏసీగా మార్చే డ్రైవులో) మొదట సరిచూడవలసినది డీసీ బస్ వోల్టేజీ, అంటే ప్యానెళ్ల నుండి ఇన్వర్టరు లోపలికి అందే డీసీ వోల్టేజీ. 415 వోల్టుల త్రీఫేజ్ మోటారుకు పూర్తి వోల్టేజీ అందాలంటే డీసీని వేగంగా ఆన్-ఆఫ్ చేస్తూ ఏసీగా మలిచే సాధారణ సైన్ పీడబ్ల్యూఎం పద్ధతిలో బస్‌పై సుమారు 678 వోల్టులు కావాలి, అదే బస్ నుండి ఎక్కువ వోల్టేజీ రాబట్టే స్పేస్ వెక్టర్ పద్ధతిలో 587 వోల్టులు చాలు. ప్యానెళ్లు వేడెక్కేకొద్దీ వాటి వోల్టేజీ పడిపోతుంది కనుక చిత్తూరు ఎండలకు రెండవదే తగినదని నా అభిప్రాయం.

మోటారు వేగాన్ని మార్చేది ఫ్రీక్వెన్సీ; మోటారుకిచ్చే వోల్టేజీని దానితో భాగిస్తే ఎప్పుడూ 8.3 (415 ÷ 50) రావాలి. అంటే 40 హెర్ట్జ్ వద్ద 332 వోల్టులు ఇవ్వాలి.

అసలు పరీక్ష మబ్బు కమ్మినప్పుడు ఎదురవుతుంది. ప్యానెల్ వోల్టేజీ గరిష్ఠ శక్తి బిందువు (ప్యానెల్ అత్యధిక శక్తినిచ్చే వోల్టేజీ) కంటే కిందికి జారితే అది ఇచ్చే శక్తి కూడా తగ్గుతుంది, కానీ ఫ్రీక్వెన్సీ మారకపోతే మోటారు అడిగే శక్తి తగ్గదు. ఆ లోటు బస్ కెపాసిటర్లపై పడి, వోల్టేజీ క్షణాల్లో కూలిపోయి డ్రైవు ట్రిప్ అవుతుంది. అందుచేత బస్ వోల్టేజీకీ లక్ష్యానికీ ఉన్న తేడాను చూసి ఫ్రీక్వెన్సీని మార్చే పీఐ (ప్రపోర్షనల్-ఇంటిగ్రల్) కంట్రోలరును వేగంగా పనిచేసే లోపలి లూపుగా, ఆ వోల్టేజీ లక్ష్యాన్ని కొద్దికొద్దిగా జరిపి గరిష్ఠ శక్తి బిందువును వెతికే ఎంపీపీటీని నిదానమైన బయటి లూపుగా పెట్టాలి. లోపలి లూపు కుదురుకోకముందే ఎంపీపీటీ మరో అడుగు వేస్తే, శక్తి పెరిగిందో తగ్గిందో తప్పుగా లెక్కించి వ్యతిరేక దిశలో పోతుంది.

పీఐలో తేడాకు ఎంత గట్టిగా స్పందించాలో చెప్పే ప్రపోర్షనల్ గెయిన్‌ను తక్కువతో మొదలుపెట్టి పెంచుతూ, డిస్‌ప్లేలో ఫ్రీక్వెన్సీ ఊగడం కనిపించిన వెంటనే కొంత వెనక్కి తగ్గించాలి. మిట్టమధ్యాహ్నం ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ పరిమితిని తాకినప్పుడు తేడాను కూడబెట్టే ఇంటిగ్రల్ భాగాన్ని అక్కడే నిలిపివేయాలి. లేకుంటే పేరుకున్న విలువ కరిగేదాకా, మబ్బు వచ్చినా ఫ్రీక్వెన్సీ దిగదు. ఫ్రీక్వెన్సీ పెరిగే వేగం కంటే తగ్గే వేగం ఎక్కువగా ఉండాలి, అయితే మరీ ఎక్కువైతే మోటారే జనరేటరై బస్ వోల్టేజీని పైకి నెడుతుంది.

సబ్‌మెర్సిబుల్ మోటారులో పంపు ఒత్తిడిని మోసే థ్రస్ట్ బేరింగుకు తగినంత వేగం లేకపోతే నీటి పొర నిలవదు కాబట్టి, సాధారణంగా 30 హెర్ట్జ్ కంటే తక్కువలో నడపకూడదు. లోతు బోరులో అంతకంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీ వద్దకు వస్తేగాని పైపు నుండి నీరు పడకపోవచ్చు. నీరు మొదలయ్యే విలువను గమనించి, కనిష్ఠ పరిమితిని దానికి కొంచెం పైన పెట్టాలి. చివరగా, నీరు నిండుగా పోస్తున్నప్పుడు మోటారు కరెంటును రెండు మూడు ఫ్రీక్వెన్సీల వద్ద రాసుకుని, ఆయా ఫ్రీక్వెన్సీలలో కరెంటు అంతకంటే బాగా పడిపోతే నీరు లేకుండా తిరిగే డ్రై రన్‌గా ఆపేలా, బోరులో ఊట చేరడానికి తగిన వ్యవధి తరువాతే మళ్లీ మొదలయ్యేలా అమర్చాలి.