కాలిఫోర్నియాలో ఫైర్‌ఫైటర్‌కు క్యాన్సర్ వస్తే పరిహారం ఎలా క్లెయిమ్ చేయాలి?

ఇరవై ఏళ్లు మంటలార్పిన మనిషికి క్యాన్సర్ వస్తే, ఏ రోజు పీల్చిన పొగ వల్ల వచ్చిందో ఎవరు చెప్పగలరు? కాలిఫోర్నియా చట్టం కూడా ఆ లెక్క అడగదు. అక్కడి లేబర్ కోడ్ సెక్షన్ 3212.1 ప్రకారం అది ఉద్యోగం వల్లే వచ్చిందని ముందుగా ఒప్పుకుంటారు. కాదంటే నిరూపించాల్సింది యాజమాన్యమే. విధుల్లో ఉన్న వాలంటీర్లకూ ఇది వర్తిస్తుంది.

జబ్బు తేలగానే డిపార్ట్‌మెంట్‌కు రాతపూర్వకంగా తెలపండి. ఒక్క పనిదినంలో వాళ్లు డీడబ్ల్యూసీ-1 అనే పరిహార క్లెయిమ్ ఫారం ఇవ్వాలి. నింపి ఇచ్చి, ఒక కాపీ దగ్గర పెట్టుకోండి. గడువు మామూలుగా ఏడాది. పని చేయలేని స్థితి వచ్చి, దానికి కారణం ఉద్యోగమేనని తెలిసిన నాటి నుంచి లెక్క. కీమో హడావుడిలో ఈ ఫారమే వెనక్కి పోతుంది, కాబట్టి ఇంట్లో ఒకరు ఆ బాధ్యత తీసుకుంటే మేలు.

రిటైరైనవాళ్లూ అడగొచ్చు. సర్వీసులో పూర్తయిన ప్రతి ఏడాదికీ 3 నెలల చొప్పున, ఆఖరి పనిరోజు నుంచి గరిష్ఠంగా 120 నెలల వరకు రక్షణ ఉంటుంది. 20 ఏళ్లు చేసినవారికి 5 ఏళ్లన్నమాట.

ఇక అసలు కష్టం కాగితాల దగ్గరే. క్యాన్సర్ కారకాలకు గురయ్యారని మాత్రం మీరు చూపాలి. వెళ్లిన ప్రమాదాల రిపోర్టులు, డ్యూటీ రికార్డులు అడిగి తీసుకోండి. డీజిల్ పొగ, ఆస్‌బెస్టాస్, బెంజీన్ లాంటివి ఎక్కడెక్కడ తగిలాయో రాసుకోండి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో ఫైర్‌ఫైటర్ వృత్తినే క్యాన్సర్ కారకమని తేల్చింది కూడా. క్యాన్సర్ మొదట ఏ అవయవంలో పుట్టిందో మెడికల్ రిపోర్టులో ఎలా రాశారో తప్పక చూడండి. యాజమాన్యం క్లెయిమ్‌ను కొట్టేయాలంటే ఆ చోటు తేల్చాలి, మీకు తగిలిన పదార్థానికీ దానికీ సంబంధం లేదనీ చూపాలి.

ఫారం ఇచ్చాక 75 రోజుల్లో తిరస్కరించకపోతే క్లెయిమ్ చెల్లుబాటైనట్టే లెక్క. ఈలోగా 10,000 డాలర్ల వరకు వైద్యం వాళ్లే భరించాలి.

డబ్బు విషయానికొస్తే, సిటీ, కౌంటీల్లోని చాలామంది ఫుల్‌టైమ్ ఫైర్‌ఫైటర్లకు సెక్షన్ 4850 కింద ఏడాది వరకు పూర్తి జీతం వస్తుంది. పని చేయలేని కాలానికి ఇచ్చే తాత్కాలిక వైకల్య భత్యం సుమారు జీతంలో మూడింట రెండు వంతులు, దానికి పైపరిమితి ఉంది. ఇతర గాయాలకు ఇది సాధారణంగా 104 వారాలకు ఆగిపోతుంది. ఫైర్‌ఫైటర్ల క్యాన్సర్ కేసుల్లో, 2023 నుంచి, 240 వారాల వరకు ఇస్తారు.

మళ్లీ డ్యూటీకి వెళ్లలేనంటే కాల్‌పర్స్‌లో (కాలిఫోర్నియా ప్రభుత్వ ఉద్యోగుల పెన్షన్ సంస్థ) ఇండస్ట్రియల్ డిజెబిలిటీ రిటైర్మెంట్‌కు, అంటే ఉద్యోగం వల్ల వచ్చిన వైకల్యంతో తీసుకునే రిటైర్మెంట్‌కు, వేరే దరఖాస్తు పెట్టాలి. క్లెయిమ్ ఒప్పుకున్నారు కదా, పెన్షన్ దానంతటదే వస్తుందనుకోవద్దు. అన్యాయంగా తిరస్కరిస్తే ముందు యూనియన్‌ను, తర్వాత వర్కర్స్ కాంపెన్సేషన్ (ఉద్యోగం వల్ల వచ్చిన గాయాలు, జబ్బులకు పరిహారం) లాయర్‌ను కలవండి. లాయర్ ఫీజు సాధారణంగా వచ్చిన పరిహారంలోంచే, జడ్జి ఆమోదంతోనే ఇస్తారు. చేతి డబ్బు పెట్టాలేమోనన్న టెన్షన్ అక్కర్లేదు.