వెనక చక్రాల కారు తోక జారుతోందా? ఏ క్షణాన జారిందో ముందు చూడండి

మస్టాంగ్ కానివ్వండి, వెనక చక్రాల బీఎమ్‌డబ్ల్యూ కానివ్వండి, ఇంజన్ బలమంతా వెనక చక్రాలకే పోయే కారులో వెనక టైర్లు పట్టు తప్పి మలుపు బయటికి జారడాన్ని ఓవర్‌స్టీర్ అంటారు. రావులపాలెం దగ్గర హైవే మీదైతే సర్దుకోడానికి పక్క లేన్ ఉంటుంది. కాలువ గట్టు మీదైతే ఒక పక్క కాలువ, రెండో పక్క బోదె. పొరపాటుకి అక్కడ రెండడుగుల చోటు కూడా ఉండదు.

"బండి తిప్పేసింది" అన్న మాటతో మెకానిక్‌కి ఏమీ తెలీదు. మలుపులోకి దిగుతూనా, మధ్యలోనా, బయటపడుతూనా? అది తేలితే కారణం సగం దొరికినట్టే.

మలుపు చివర యాక్సిలరేటర్ తొక్కగానే జారింది

టైరుకున్న పట్టు ఒకటే ముద్ద. బండిని తిప్పడానికీ, ముందుకు తొయ్యడానికీ అందులోంచే పంచుకోవాలి. స్టీరింగ్ ఇంకా తిరిగే ఉండగా కాలు గట్టిగా నొక్కితే ఆ పట్టు చాలదు. ఆటోమేటిక్ బండ్లలో ఇంకో చిక్కుంది. కాలు సగం నొక్కేసరికి గేర్‌బాక్స్ రెండు గేర్లు కిందికి దిగి, అడిగినదానికంటే ఎక్కువ బలం ఒక్కసారిగా వదులుతుంది. వానలో మాన్యువల్ మోడ్‌లో ఒక గేరు ఎక్కువగానే ఉంచి నడపండి. స్టీరింగ్ ఎంత సరి అవుతుంటే యాక్సిలరేటర్ అంతే.

జారడం మొదలైతే చూపు కాలువ మీద కాదు, వెళ్లాల్సిన తారు మీద పెట్టండి. చూసిన వైపే చేతులు పోతాయి. తోక ఎడమకి పోతే స్టీరింగ్ ఎడమకి, కుడికి పోతే కుడికి తిప్పండి. యాక్సిలరేటర్ సగానికి తగ్గించండి, అంతేగాని కాలు పూర్తిగా ఎత్తెయ్యొద్దు. ఇంతవరకు చాలామందికి తెలుసు. అసలు దెబ్బ ఆ తర్వాత తగులుతుంది. తోక వెనక్కి సర్దుకోవడం మొదలైన క్షణానికే చేతులు కూడా స్టీరింగ్‌ని సరిచేసెయ్యాలి. అలాగే పట్టుకుని కూర్చుంటే, వెనక టైర్లకి పట్టు దొరకగానే కారు తిప్పి ఉన్న స్టీరింగ్ వైపే దూకుతుంది. ఈ రెండో జారుడు మొదటిదానికంటే పెద్దది. బండి చేయి దాటి తిరిగిపోయేది ఎక్కువగా ఇక్కడే.

మలుపు మధ్యలో కాలు తియ్యగానే, బ్రేకు వెయ్యగానే జారింది

బరువంతా ముందుకి వాలి వెనక తేలికైపోయింది. క్లచ్ బండిలో మలుపు మధ్యన గేరు తగ్గించి క్లచ్ టక్కున వదిలినా ఇదే జరుగుతుంది. ఇంజన్ వెనక చక్రాల్ని పట్టుకుని లాగుతుంది. బ్రేకూ, గేరూ మలుపుకి ముందే, బండి తిన్నగా ఉండగానే ముగించాలి. గట్టు మలుపు అవతల గేదెల మంద ఎదురైతే మాత్రం వరస మారుతుంది: ముందు స్టీరింగ్ వీలైనంత సరిచెయ్యండి, తర్వాత బ్రేకు గట్టిగా తొక్కండి.

ఎంత వేగం ఎక్కువ అన్నదానికి ఒక లెక్క. 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో పొడి తారు మీద 70 కి.మీ. దాకా నిలబడే కారు, పట్టు సగానికి పడిపోతే 50 దగ్గరే జారుతుంది.

తిన్నగా పోతుండగానే తోక ఊగింది

ఇది మన గోదావరి డెల్టా జబ్బు. సార్వా (ఖరీఫ్) కోతల్లో నవంబరు, డిసెంబరు. దాళ్వా (రబీ) కోతల్లో ఏప్రిల్, మే. సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. గింజలు టైరు కింద గోళీల్లా దొర్లుతాయి. ఎడమ చక్రాలు ధాన్యం మీద, కుడి చక్రాలు తారు మీద ఉన్నప్పుడు బ్రేకు వేస్తే బండి తారు వైపు లాగుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే తోక పక్కకి పోతుంది. కుప్ప రాకముందే 30కి దిగి, అవకాశముంటే నాలుగు చక్రాలూ తారు మీదే ఉంచండి. తప్పక ఎక్కాల్సివస్తే బ్రేకూ వద్దు, యాక్సిలరేటరూ వద్దు, స్టీరింగ్ తిన్నగా. అంచున కాపలాగా పెట్టిన రాళ్లు వెడల్పు రిమ్ములకి ప్రత్యేకంగా ప్రమాదం.

దమ్ము చేసి చేలోంచి ఎక్కిన ట్రాక్టర్లు రోడ్డు మీద రేగడి ముద్దలు వదిలిపోతాయి. ఎండలో అవి గడ్డలే. మొదటి తుంపరకి సబ్బవుతాయి. పెద్ద వానకంటే ఆ మొదటి పది నిమిషాలకే భయపడాలి. భీమవరం వైపు చేపల, రొయ్యల లోడు బండ్లు కార్చుకుంటూ పోయే ఐసు నీళ్ల చారనీ ఈ లెక్కలోనే వేసుకోండి.

నిలిచిన నీళ్లలో టైరు తేలడం వేరే సంగతి. విమాన టైర్ల కోసం కట్టిన ఒక లెక్క ప్రకారం, 32 పీఎస్ఐ గాలి ఉన్న నున్నటి టైరు సుమారు 95 కి.మీ. దగ్గర నీటి మీద తేలిపోతుంది. గాలి తగ్గితే ఇంకా ముందే. వెడల్పు టైరు స్టైలుకి బాగుంటుంది గాని నీటికి మంచిది కాదు.

ఎక్కడ నడిపినా జారుతోంది, లేదా ఒకవైపు మలుపుల్లోనే జారుతోంది

ఇక తప్పు మీ కాలిది కాదు, బండిది. మొదట టైర్లు చూడండి. ఈ కార్లు వెనక టైర్లని త్వరగా తినేస్తాయి. గాడిలో ఉండే చిన్న గట్లు 1.6 మి.మీ. దగ్గర బయటపడతాయి. వానాకాలానికి అంతవరకు ఆగకండి, 3 మి.మీ.కే మార్చండి. రెండూ జతగా, ఒకే కంపెనీ, ఒకే మోడల్. రెండే కొత్తవి కొంటే వాటి చోటు వెనకే. వారానికోసారి బయటికి తీసే కారులో గాడి నిండుగా కనిపిస్తుంది, రబ్బరు మాత్రం బండబారి ఉంటుంది. పక్క గోడ మీద 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం టైరు.

గాలి పొద్దున్నే, బండి కదలకముందు, డ్రైవర్ తలుపు పక్క పట్టీలో రాసిన అంకెకి పెట్టించండి. మే ఎండలో నడిపొచ్చిన టైరులో గాలి ఎక్కువ చూపిస్తుంది, అది చూసి తీయించకండి.

ఒకవైపు మలుపుల్లోనే జారుతుంటే వెనక చక్రాల దిశ చూడాలి. పైనుంచి చూస్తే వెనక చక్రాల ముందు అంచులు కొంచెం లోపలికి ఉండాలి. బయటికి తిరిగితే తోక నిలవదు. నాలుగు చక్రాల అలైన్‌మెంట్ అడిగి, వెనక అంకెలున్న కాగితం చేతికి తీసుకోండి. ముందు చక్రాలు రెండే చూసి "అయిపోయింది సార్" అనే చోట్లు బోలెడు. అంకెలు సరిగ్గా ఉన్నా కాలు ఎత్తినప్పుడల్లా వెనక దానంతటదే తిరుగుతుంటే, వెనక చక్రాల్ని పట్టి ఉంచే ఆర్మ్‌ల రబ్బరు బుష్‌లు పోయాయి. ఎత్తు తగ్గించే స్ప్రింగులు వేయించాక అలైన్‌మెంట్ చేయించకపోయినా ఇదే గొడవ.

డ్యాష్‌బోర్డులో జారే కారు బొమ్మ మినుకుమినుకుమంటే స్టెబిలిటీ కంట్రోల్ పనిచేస్తోందని అర్థం. బయటి ముందు చక్రానికి బ్రేకు వేసి తోకని సరిచేసేది అదే. బొమ్మ వెలిగే ఉండిపోతే అది ఆపేసి ఉంది, లేదా చెడింది. గట్టు మీద దాన్ని ఆపకండి. తోక ఆడించాలన్న సరదా ఉంటే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై, కోయంబత్తూరు దగ్గర కరి ట్రాకులున్నాయి.

చేయి దాటిపోయి, బండి తిరిగిపోతోంది

క్లచ్, బ్రేకు రెండూ నేలకంటా తొక్కండి. ఆటోమేటిక్ అయితే బ్రేకొక్కటే. పూర్తిగా ఆగేదాకా వదలకండి. మధ్యలో వదిలితే టైర్లకి పట్టు దొరికి, ఆ క్షణాన ముక్కు ఎటుంటే అటు దూకుతుంది.

కాలువలో పడితే సీటుబెల్టు తీసి, వెంటనే కిటికీ దించి అందులోంచే బయటికి రండి. నీటి ఒత్తిడికి తలుపు తెరుచుకోదు, కిటికీ మోటార్లు ఎక్కువసేపు పనిచేస్తాయన్న నమ్మకం లేదు. అద్దం పగలగొట్టే సుత్తి డిక్కీలో కాదు, చేతికందేచోట బిగించండి. అయితే ఖరీదైన కార్లలో పక్క అద్దాలు కొన్ని లామినేటెడ్, సుత్తికి పగలవు. అద్దం మూల అచ్చులో టెంపర్డ్ (సుత్తికి పగిలే రకం) అని ఉన్నది ఏదో ఇవాళే చూసి పెట్టుకోండి.