శస్త్రచికిత్స జరిగిన కుక్కకు నెమ్మదిపరిచే మందు ఇవ్వవలసిన తీరు

గర్భసంచి తీసిన కుక్క కుట్లు విప్పేదాకా, అంటే 10 నుంచి 14 రోజులు, గెంతకుండా ఉండాలి. కాలి ఎముకకు శస్త్రచికిత్స జరిగితే ఆ గడువు చాలాసార్లు 6 నుంచి 8 వారాలకు పెరుగుతుంది. పడుచు కుక్కను అన్నాళ్లు గొలుసుతో మాత్రమే ఆపడం కష్టం కనుక వైద్యులు ట్రజోడోన్, గాబాపెంటిన్ వంటి మందులు రాస్తారు.

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ ప్రాంతాల్లో ఈ మందులను సాధారణంగా మనుషుల మందుల దుకాణంలోనే కొనవలసి వస్తుంది. అందుచేత చీటీలో మాత్రల సంఖ్యతో పాటు ఒక్కో పూటకు ఎన్ని మిల్లీగ్రాములో కూడా రాయించుకోవాలి. గాబాపెంటిన్‌తో నార్‌ట్రిప్టిలిన్ అనే వేరే మందు కలిపిన మాత్రలు మన దుకాణాల్లో విరివిగా దొరుకుతాయి. పేరు ఒకేలా ఉందని వాటిని తీసుకోకూడదు. మనుషుల కోసం తయారైన గాబాపెంటిన్ ద్రవాల్లో కొన్నింటిలో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది, అది కుక్కలకు విషం. పిడుదుల కోసం అమిట్రాజ్ పూసి ఉన్నా, నొప్పికి ఇచ్చే ట్రమడాల్ వాడుతున్నా, ట్రజోడోన్ మొదలుపెట్టకముందే వైద్యునికి చెప్పి తీరాలి, ఎందుకంటే ఆ కలయికలు ప్రమాదకరం కావచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, అశాంతి వేరు, నొప్పి వేరు. కుక్క మూలుగుతున్నా, వణుకుతున్నా, గాయం దగ్గర చెయ్యి పెట్టనివ్వకపోయినా దానికి కావలసింది నొప్పి మందు. ట్రజోడోన్ దానిని నిద్రపుచ్చవచ్చు గాని నొప్పిని తీర్చదు. ఎసిప్రోమజీన్ అనే మత్తు మందు విషయంలో నేను మరింత జాగ్రత్త కోరతాను: అది ఒంటిని కదలనివ్వదు, భయాన్ని మాత్రం పోగొట్టదు, పైగా రక్తపోటును తగ్గిస్తుంది. ఇంట్లో ఉన్న పారాసిటమాల్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వేయకూడదు.

ట్రజోడోన్ పనిచేయడానికి గంట నుంచి రెండు గంటలు పడుతుంది. కుక్క అరుస్తూ గెంతడం మొదలైన తరువాత మాత్ర కోసం వెతికితే ఫలితం ఆలస్యమవుతుంది. రెండేళ్లకొకసారి బరంపురంలో జరిగే ఠాకురాణి యాత్రలో ఊరేగింపు వీధిలోకి వచ్చే వేళ ముందే తెలిస్తే, ఆ పూట మందును రెండు గంటలు ముందుకు జరపవచ్చునేమో వైద్యుణ్ణి అడగాలి. ఒక పూట మరచిపోతే తరువాతి పూట రెండింతలు వేయకూడదు.

మాత్రను చిన్న ఇడ్లీ ముక్కలోనో పెరుగన్నం ముద్దలోనో పెట్టి ఇవ్వవచ్చు. చద్దన్నం వాడితే అందులో ఉల్లిపాయ లేకుండా చూసుకోవాలి. ఉల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది. ముద్ద మింగిన తరువాత నోరు తెరిచి చూడడం మంచిది, ఎందుకంటే తెలివైన కుక్కలు మాత్రను దవడ పక్కన దాచి తరువాత ఉమ్మేస్తాయి.

మందు పనిచేస్తున్నంతసేపు నడక తూలుతుంది కనుక మంచం, మెట్లు అందకుండా నేలమీదే పడక వేసి, మూత్రవిసర్జనకు తాడుతోనే బయటికి తీసుకువెళ్లాలి. మెడకు కట్టిన గరాటు పట్టీని విప్పకూడదు. ఏప్రిల్, మే ఎండల్లో మత్తులో ఉన్న కుక్క తనంతట తాను నీడకు జరగలేదు, కాబట్టి చల్లని గదిలో నీళ్లు దగ్గరగా ఉంచాలి. నిద్రలో ఉన్నప్పుడు దాని శ్వాసను నిమిషంపాటు లెక్కించాలి: 10 నుంచి 30 వరకు ఉంటే సాధారణం. చిగుళ్లు తెల్లబడినా, పిలిచి తట్టినా లేవకపోయినా, వాంతులు ఆగకపోయినా, నెమ్మదించవలసింది పోయి ఒళ్లు బిగుసుకుని వణుకు, జ్వరం వచ్చినా, తరువాతి మోతాదు ఆపి వెంటనే వైద్యుణ్ణి పిలవాలి. ఆయన అందకపోతే సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోన్ చేయవచ్చు.

కుట్లు విప్పిన రోజునే మందు ఆపివేయవచ్చని అనుకోకూడదు. వారాల తరబడి ఇచ్చిన గాబాపెంటిన్‌ను వైద్యుడు చెప్పిన క్రమంలో కొద్దికొద్దిగా తగ్గించాలి. మిగిలిన మాత్రలను మరో కుక్కకు వాడకుండా దుకాణానికో వైద్యునికో అప్పగించడం మంచిది.