ఇంట్లో పాత ఓడ మోడల్ ఉందా? విలువ కట్టి అమ్మడం ఎలా?

విమానాలు అందరికీ అందుబాటులోకి రాకముందు సముద్రం దాటాలంటే ఓడే దిక్కు. ఆ రోజుల్లో షిప్పింగ్ కంపెనీలు తమ ఓడల మోడళ్లను అద్దాల పెట్టెల్లో పెట్టి టికెట్ ఆఫీసుల్లో, ఏజెంట్ల కిటికీల్లో ప్రదర్శించేవి. కంపెనీలు మూతపడ్డాక వాటిలో కొన్ని మ్యూజియాలకు వెళ్లాయి. మిగిలినవి రిటైరైన ఉద్యోగుల ఇళ్లకో, పాత సామాన్ల వ్యాపారుల దగ్గరికో చేరాయి. అలాంటిది మీ చేతికొస్తే మొదట వచ్చే ప్రశ్న "ఎంత పలుకుతుంది?" అనే. దాన్ని కాసేపు పక్కన పెట్టండి. ఈ బజారులో అందానికి వచ్చే డబ్బు తక్కువ. ఏ ఓడ, ఎవరు చేశారు, ఎవరి కోసం చేశారు అన్నదానికి మీరు చూపించగలిగే ఆధారానికే అసలు ధర.

1. తడిగుడ్డ పక్కన పెట్టండి

దుమ్ము కనబడగానే తుడవాలనిపిస్తుంది. వద్దు. పాత రంగు, బంగారు పూత, వెండి పూత, సన్నటి దారాలతో కట్టిన తాళ్లు తడి తగిలితే ఊడొస్తాయి. ఇత్తడి పాలిష్‌తో రుద్దితే పూత పోయి కింది లోహం బయటపడుతుంది. "అమ్మే ముందు కొత్త రంగు వేయిస్తే బాగుంటుంది కదా" అని ఎవరైనా సలహా ఇస్తే అస్సలు వినకండి. సేకర్తలు కొనేది పాత రంగునే. మీరు ఖర్చుపెట్టి వేయించిన మెరుపు ధరని సగానికి దించినా ఆశ్చర్యం లేదు.

పెట్టె లోపల లైఫ్‌బోట్ల మీద, లంగర్ల మీద తెల్లటి పొడి కనిపిస్తే అది బూజు కాకపోవచ్చు. పాత మోడళ్లలో చిన్న భాగాలు తరచుగా సీసంతో పోత పోసినవే. ఓక్ చెక్క, ప్లైవుడ్, కొన్ని రకాల జిగురు వదిలే ఆమ్లపు ఆవిరి మూసిన పెట్టెలో పేరుకుని ఆ సీసాన్ని మెల్లగా తినేస్తుంది. చివరికి మిగిలేది లెడ్ కార్బొనేట్. అంటే అందంగా కనబడాలని చేయించిన పెట్టే లోపలి వస్తువుకి శత్రువవుతుంది. ఈ పొడి విషం. నోటితో ఊదకండి, వేలితో గీకకండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. గ్లౌజులు, మాస్కు లేకుండా పెట్టె తెరవొద్దు. పెట్టెలోకి కాస్త గాలి ఆడేలా చూసి, మిగతా పని మ్యూజియం వస్తువులు బాగుచేసే కన్జర్వేటర్‌కి వదిలేయండి. అమ్మేటప్పుడు ఈ సంగతి దాచకండి. తెలిసిన కొనుగోలుదారు మొదట వెతికేది దీన్నే.

ఊడిపోయిన ముక్కలు, అడుగున పడ్డ చిన్న ప్రొపెల్లర్ రెక్క, తెగిన తాడు, ఏదీ పారేయొద్దు. ఒక కవర్లో వేసి, ఎక్కడ దొరికిందో దాని మీద రాయండి. అసలు ముక్క ఉంటే బాగుచేయడం తేలిక. లేకపోతే కొత్తగా చేయించాలి.

2. ఇది ఏ రకం?

స్థూలంగా మూడు రకాలు. మొదటిది యార్డు మోడల్. ఓడ కట్టిన నౌకా నిర్మాణ కేంద్రమే, ఓడ కట్టే రోజుల్లోనే చేయించినది. వీటిలో ఎక్కువగా కనిపించే స్కేలు 1:48, అంటే మోడల్‌లో పావు అంగుళం అసలు ఓడలో ఒక అడుగుకి సమానం. చెక్క పలకలు ఒకదాని మీద ఒకటి అతికించి చెక్కిన ఓడ శరీరం, పూత పూసిన లోహపు భాగాలు, మహాగని పెట్టె దీని లక్షణాలు. అన్నిటికన్నా అరుదైనది, ఖరీదైనది ఇదే.

రెండోది ఏజెన్సీ మోడల్. షిప్పింగ్ కంపెనీ ఆర్డరిస్తే మోడళ్లు చేసే సంస్థ తయారుచేసింది. ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్‌లో 1899లో మొదలైన బాసెట్-లోక్ ఈ పనికి బాగా పేరున్న సంస్థ. తయారీదారు పేరు పెట్టె అడుగునో, దిమ్మ అంచునో చిన్న పలక మీద ఉంటుంది. టార్చిలైటుతో వెతకండి.

మూడోది అలంకరణ సామాను. "యాంటిక్" అంటూ అమ్మే కొత్త సరుకంతా ఇందులోకే వస్తుంది. కిటికీలన్నీ ఒకే అచ్చులో గుద్దినట్టు ఉండటం, రెయిలింగులు ఓడతో పోలిస్తే మరీ లావుగా ఉండటం, పెట్టె ఎండీఎఫ్‌తో (చెక్కపొట్టు నొక్కి చేసిన పలకతో) చేసి ఉండటం దీని గుర్తులు. ప్లస్ గుర్తు ఉన్న స్క్రూలు వాడకంలోకి వచ్చింది 1930ల నుంచి. 1912 నాటిదని చెప్పే మోడల్‌లో అవి ఉంటే ఎప్పుడో మరమ్మతు జరిగి ఉండాలి, లేదా ఆ తేదీ అబద్ధమై ఉండాలి.

3. ఓడ పేరు పట్టుకోవడం

టేపు తీసుకుని మోడల్ ముక్కు నుంచి తోక దాకా కొలవండి. అసలు ఓడ పొడవు తెలిస్తే భాగహారం చేసి స్కేలు తేల్చవచ్చు. టైటానిక్ పొడవు 882 అడుగుల 9 అంగుళాలు. 1:48 స్కేలులో అది 18 అడుగులు దాటుతుంది. ఎవరైనా నాలుగున్నర అడుగుల మోడల్ చూపించి "ఇది టైటానిక్ యార్డు మోడల్" అంటే నమ్మకండి. ఆ పొడవుకి స్కేలు దాదాపు 1:192 అవుతుంది.

టైటానిక్ గురించి ఇంకో మాట చెప్పాలి. నాలుగు పొగగొట్టాలున్న ప్రతి ఓడకీ ఆ పేరు తగిలించడం అమ్మేవాళ్లకి అలవాటు. లూసిటేనియా, మారిటేనియా, ఆక్విటేనియా, ఒలింపిక్ అన్నిటికీ నాలుగే. ఒలింపిక్ టైటానిక్‌కి అక్క లాంటి ఓడ, రెండూ చాలా దగ్గరగా ఉంటాయి. తేడా పై డెక్కు పక్కనున్న నడవాలో కనిపిస్తుంది. టైటానిక్‌కి ఆ నడవా ముందు సగం కిటికీలతో మూసి ఉంటుంది. ఒలింపిక్‌కి మొత్తం తెరిచే ఉంటుంది.

పొగగొట్టం రంగే కంపెనీ చిరునామా. ఎరుపు-నారింజ రంగు మీద నల్ల అంచు ఉంటే క్యూనార్డ్. లేత గోధుమ రంగు మీద నల్ల అంచు ఉంటే వైట్ స్టార్. నల్లటి గొట్టం మీద రెండు తెల్ల పట్టీలుంటే బ్రిటిష్ ఇండియా కంపెనీ. ఈ చివరిది మన వాళ్లకి దగ్గరిది. కోరమాండల్ తీరం నుంచి రంగూన్ వెళ్లిన కూలీలు, మద్రాసు నుంచి పెనాంగ్, సింగపూర్ వెళ్లిన కుటుంబాలు ఎక్కిన స్టీమర్లలో చాలావరకు ఈ కంపెనీవే. గ్లాస్గోలో కట్టి 1926లో నీళ్లలోకి దించిన రజులా మద్రాసు-సింగపూర్ దారిలో దశాబ్దాల పాటు నడిచింది. అలాంటి ఓడ మోడల్‌కి మలేషియాలో, సింగపూర్‌లో, చెన్నైలో ఎదురుచూసే మనుషులుంటారు. ప్రపంచమంతా తెలిసిన పేరు కాకపోయినా ఫరవాలేదు.

గొట్టాల సంఖ్య తేదీ కూడా చెప్పగలదు. పీ అండ్ ఓ అనే బ్రిటిష్ షిప్పింగ్ కంపెనీ వారి స్ట్రాత్‌నేవర్ 1931లో మూడు గొట్టాలతో వచ్చింది. వాటిలో రెండు ఉత్తుత్తివే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బాగుచేసినప్పుడు వాటిని తీసేసి ఒక్కటే ఉంచారు. కాబట్టి ఒక్క గొట్టం మోడల్‌ని "1931 నాటిది" అంటే కుదరదు. అలాగే ఒక ఓడ మోడల్‌ని తర్వాత దాని జంట ఓడ పేరుతో మార్చి రాసిన సందర్భాలూ ఉన్నాయి. పేరు అక్షరాల కింద పాత అక్షరాల నీడ ఉందేమో పక్కనుంచి లైటు వేసి చూడండి.

పోల్చుకోవడానికి, ఓడలను తనిఖీ చేసి నమోదు చేసే బ్రిటిష్ సంస్థ లాయిడ్స్ రిజిస్టర్ వారి హెరిటేజ్ విభాగం పాత ఓడల ప్లాన్లను ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. పీ అండ్ ఓ హెరిటేజ్ వారి ఓడల సమాచార పత్రాల్లో బ్రిటిష్ ఇండియా ఓడలు కూడా ఉన్నాయి. ఎందుకంటే ఆ రెండు కంపెనీలు 1914లోనే కలిశాయి.

4. చరిత్ర కాగితం మీద పెట్టండి

"తాతగారికి ఆఫీసులో ఇచ్చారు" అన్న మాట ఇంట్లో చాలు, వేలంలో చాలదు. తాతగారి నియామక పత్రం, రిటైర్మెంట్ రోజు ఫొటో, మోడల్ ఆఫీసులో ఉండగా తీసిన ఏదైనా బొమ్మ, పాత బిల్లు, పెట్టె వెనక అతికించిన రైల్వే లేబుల్ వరకూ అన్నీ కూడగట్టండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఈ వారమే అడిగి రాసుకోండి. రాసినది వాళ్లకి చదివి వినిపించి సంతకం, తేదీ వేయించండి.

5. ధర

ఆన్‌లైన్‌లో ఎవరో పెట్టిన ప్రకటన ధర మీకు పనికిరాదు. అది ఆశ మాత్రమే. వేలం సంస్థల పాత ఫలితాల్లో అదే రకం, దాదాపు అదే పొడవు, అదే కాలం నాటి మోడళ్లు ఎంతకి అమ్ముడయ్యాయో చూడండి. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది: ఫలితాల్లో కనిపించే అంకెలో కొనేవాడు సంస్థకు కట్టే ప్రీమియం చాలాసార్లు కలిసే ఉంటుంది. ఉదాహరణకి వేలం పాట 4,000 పౌండ్ల దగ్గర ఆగి సుత్తి పడిందనుకోండి. ప్రీమియం 25 శాతం అయితే కొన్నవాడు కట్టేది 5,000. మీ నుంచి కమీషన్ 15 శాతం తీసుకుంటే మీకు దక్కేది 3,400. పన్నులు, ఫొటో ఖర్చు, బీమా అందులోంచి ఇంకా పోతాయి.

పెద్దదైతే ఎక్కువ ధర అనుకోకండి. ఎనిమిది అడుగుల మోడల్ ఎవరి హాల్లో పడుతుంది? మేడ మెట్లు ఎక్కదు, లిఫ్టులో పట్టదు. మూడు నుంచి ఐదు అడుగులున్నవాటికే ఇళ్లలో చోటు దొరుకుతుంది. పేరున్న ఓడ, అసలు పెట్టె, అసలు రంగు, తయారీదారు పలక ఈ నాలుగూ ఉంటే ధర పెరుగుతుంది. బీమా కోసం రాసిచ్చే విలువ వేరు, బజారులో దొరికే విలువ వేరు. బీమా కాగితం చూసి సంబరపడొద్దు.

6. చట్టం సంగతి

మోడల్ ఇండియాలో ఉంటే ఇది తప్పనిసరి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు, అంతకు మించిన వయసున్న చారిత్రక వస్తువులు పురావస్తువుల కిందికి రావచ్చు. వాటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకి పంపకూడదు. 1920ల మోడళ్లు ఒక్కొక్కటే ఈ గీత దాటుతున్నాయి. గుర్తుంచుకోండి, లెక్కలోకి వచ్చేది మోడల్ వయసు, ఓడ వయసు కాదు. వందేళ్లు నిండలేదని మీ నమ్మకమైతే, బయటికి పంపే ముందు భారత పురావస్తు శాఖ నుంచి పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకోండి. దాని కోసం కూడా ఓడ పేరు, తయారీ తేదీల ఆధారాలు కావాలి.

పేరు రాసిన పలక తెల్లగా, సన్నటి గీతలతో ఉంటే అది ఏనుగు దంతమేమో చూపించండి. ఇండియాలో దంతం అమ్మడం నేరం. బ్రిటన్‌లో 2022 నుంచి దంతం మీద నిషేధం అమల్లో ఉంది. 1947కి ముందు చేసిన వస్తువులో దంతం పది శాతం లోపు ఉంటే మినహాయింపు ఉంది గానీ, ముందుగా నమోదు చేయించాలి.

7. ఎక్కడ అమ్మాలి

మంచి యార్డు మోడల్ అయితే సముద్ర సామగ్రి మీద ప్రత్యేక వేలాలు వేసే సంస్థకే ఇవ్వండి. లండన్‌లో చార్లెస్ మిల్లర్ అలాంటిది. ఫొటోలు పంపితే అంచనా చెప్పే సంస్థలు చాలా ఉన్నాయి. రెండు మూడు చోట్ల అడగండి. పక్కల నుంచి, ముందు నుంచి, వెనక నుంచి, పైనుంచి, పేరు పలక, దెబ్బతిన్న చోట్లు, పక్కన టేపు పెట్టి ఒకటి, అన్నీ పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా తీయండి.

ఒప్పందంలో రిజర్వు ధర (అంతకన్నా తక్కువకి అమ్మకూడదని పెట్టే కనీస ధర) ఎంత, అమ్ముడుపోకపోతే మీరేం కట్టాలి, డబ్బు ఎన్ని రోజులకి వస్తుంది అన్నవి చదవకుండా సంతకం పెట్టొద్దు. రిజర్వు మరీ ఎక్కువ పెట్టి వస్తువు మిగిలిపోతే, తర్వాతి వేలంలో "పోయినసారి పోలేదు" అన్న ముద్రతోనే వస్తుంది.

ఏజెన్సీ మోడల్, లేదా ముంబైలోనో మద్రాసులోనో నడిచిన చిన్న ఓడ మోడల్ అయితే ఆ కంపెనీ పాత ఉద్యోగుల సంఘాల్లో మంచి కొనుగోలుదారు దొరకొచ్చు. ముంబై చోర్ బజారు వ్యాపారికి అమ్మడం తేలికే. అయితే అతను తన లాభం ముందే తీసేసి చెబుతాడు. అలంకరణ మోడల్ అయితే ఇంత శ్రమ అనవసరం. ఆన్‌లైన్‌లో నిజాయితీగా "అలంకరణ మోడల్" అని రాసి అమ్మేయండి.

8. పంపడం

మోడల్ సాధారణంగా దిమ్మకి కింది నుంచి స్క్రూలతో బిగించి ఉంటుంది. ఎత్తేటప్పుడు దిమ్మని పట్టుకోవాలి, ఓడ శరీరాన్ని కాదు. గాజు పెట్టెనీ మోడల్‌నీ వేర్వేరు చెక్క క్రేట్లలో పంపండి. బబుల్ ర్యాప్ తాళ్లకి తగిలితే తాళ్లు తెగుతాయి. అందుకే దిమ్మని క్రేటు అడుక్కి బిగించి, పైన ఖాళీ వదలడం మేలు. ఇలాంటి రవాణాకి కొన్నిసార్లు మోడల్ ధరకి దగ్గరగా ఖర్చవుతుంది. కాబట్టి అది ఎవరు భరించాలో బేరం కుదిరేటప్పుడే తేల్చుకోండి. ప్యాకింగ్ ప్రతి దశలోనూ ఫొటోలు తీసి, డబ్బు చేతికి అంది, కొన్నవారు మోడల్ విప్పి చూసుకుని సరే అనేదాకా దాచండి.